చౌడి వంతు

నూలుకొట్టాలలో పొద్దున పదకొండింటికి బస్సు వస్తుంది, గంగులవ్వ పుంజు కూస్తుంది, చౌడి బడిలోంచి లేచిపోతుంది. మొదటి రెండింటి మీదా ఊళ్లో ఎవరికీ ఫిర్యాదు లేదు. మూడోదాని మీద కూడా చాలాకాలం లేదు. ఫిర్యాదు పుట్టాలంటే ఒక కాగితం కావాలి. ఆ కాగితం వనజాక్షి టీచరు తన చేత్తో తానే రాసింది. తర్వాత జరిగినదంతా తలుచుకుని ఆ చేతిని ఆమె చాలాసార్లు తిట్టుకుంది.

అది నేతగాళ్ల ఊరు. ఇంటింటికీ ఒక గుంటమగ్గం. తెల్లారింది మొదలు దీపాలు పెట్టేదాకా ఊరంతా టకటకమంటూనే ఉంటుంది. అమావాస్యనాడు మాత్రం మగ్గం మీద ఎవరూ చెయ్యి వేయరు. ఆ కట్టడి ఎవరు పెట్టారో తెలియదు. దానికి ఉత్తర్వు ఏదీ లేదు కాబట్టి అది ఇన్నాళ్లూ తప్పకుండా అమలవుతూ వచ్చింది.

చౌడి అంటే చౌడేశ్వరి. మగ్గం నేసే రామక్క కూతురు, నాలుగో తరగతి. నోటిలెక్క అడిగితే టక్కున చెబుతుంది. ఒకసారి విన్న కథను దగ్గుతో సహా తిరిగి చెబుతుంది. పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలన్నీ చిక్కుపడిన పట్టుపోగులే. మ యలాగా, ప వలాగా కనిపిస్తాయి. నిన్న పట్టుబడిన మాట ఇవాళ కొత్త మనిషిలా మొహం తిప్పుకుని పోతుంది. కొట్టినా రాలేదు, మిఠాయి పెట్టినా రాలేదు.

వనజాక్షి టీచరు తమ్ముడికి చిన్నప్పుడు ఇదే ఇబ్బంది. అందుకని ఆమెకు దారి తెలుసు. మగ్గాల కింద పడిన తెగిన పోగులు ఏరి తెచ్చి, అట్టముక్కల మీద జిగురుతో అక్షరాలుగా అతికించింది. పిల్ల వేలితో తడుముతూ, నోటితో అంటూ, కంటితో చూస్తూ నేర్చుకోవాలి. పక్కన కూర్చుని ఒకరు ఓపిగ్గా వినాలి. రోజుకు అరగంట చాలు.

ఆ అరగంటే దొరకలేదు. పదిన్నర దాటాక టీచరు చేతికింది పసిపిల్లలు గుడ్లు తిని పాలు తాగే వేళ, ఆమెకు తీరిక అప్పుడే. సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు ఓబులపతి గారి చదువు వంతులు. కిటికీ దగ్గర మొదలై గోడదాకా ఒక్కొక్కరే లేచి, ఊరికి వినపడేట్టు పాఠం చదవాలి. తప్పు పోతే తరగతంతా ఒక్క గొంతుతో దిద్దుతుంది. ఆయన చదువుకున్నదీ అట్లాగే, చదివించేదీ అట్లాగే.

"సార్, ఆ వేళ చౌడిని నా దగ్గర కూర్చోబెట్టుకుంటాను" అని అడిగింది వనజాక్షి.

"కూర్చోబెట్టుకోమ్మా, నాకేం. కానీ కాలపట్టిక మార్చే అధికారం నాకు లేదే. పైకి రాయి."

ఆ మధ్యాహ్నమే రామక్క కూడా బడికొచ్చింది. చేతికి ఇంకా రంగు ఆరలేదు.

"టీచరమ్మా, ఉగాది దాకా చూస్తా. అప్పటికీ అక్షరం రాకుంటే దాన్ని మగ్గానికి నూలు కండెలు చుట్టను కూకోబెడతా. ఇంట్లో చేతులు చాలకుండా ఉండాయి. కండె చుట్టను చదువెందుకు చెప్పు?"

వనజాక్షి పైకి రాసింది. ఒక పిల్లకు అక్షరాలు పట్టుబడటం లేదు, చదువు వంతుల వేళ లేచిపోతోంది, అరగంట నా దగ్గర కూర్చోబెట్టుకోవడానికి అనుమతి కావాలి. అంతే రాసింది.

పైవాళ్లు అందులోంచి ఒక్క మాట ఏరుకున్నారు. లేచిపోతోంది.

---

చిదానందం గారు జిల్లా ప్రవర్తనా సమన్వయకర్త. సన్నగా, ఇస్త్రీ మడత చెడకుండా ఉంటాడు. కొత్తగా శిక్షణ పొంది వచ్చాడు. కొత్త చెప్పులు వేసుకున్నవాడు నేలను చూస్తూ నడిచినట్టు, ఆయన ప్రతి మనిషినీ నడత చూస్తూ మాట్లాడతాడు.

"మేడం, సదరు బాలికకు అక్షరములు రాకపోవుట మా పరిధిలోనిది కాదు. లేచిపోవుట మా పరిధి. నడత చక్కబడినచో అక్షరములు వాటంతటవే నడుచుకుంటూ రాగలవు."

నల్లబల్ల మీద మూడు గళ్లు గీశాడు. ముందు, నడత, తరువాత. ప్రతి నడతకూ ముందు ఒక ఉద్దీపన ఉంటుంది, అంటే పిల్లను కదిలించే వస్తువు. తరువాత ఒక బహుమానం ఉంటుంది, అంటే పిల్లకు దొరికే సుఖం. ఉద్దీపనను తీసేయాలి, బహుమానాన్ని తెంచేయాలి. మధ్యలో మిగిలిన నడత దానంతటది ఎండిపోతుంది.

వెనక బెంచీలో కూర్చుని చూశాడు. పదకొండయింది. మలుపులో బస్సు హారన్ మోగింది. చౌడి లేచింది, బయటికి పోయింది, కొళాయి దగ్గర నీళ్లు తాగింది, పాఠం అయిపోయేదాకా అక్కడే నిలబడింది. చిదానందం మొహం వెలిగింది. మూడు గళ్లూ ఒకేసారి నిండటం ఆయన శిక్షణలో కూడా చూడలేదట.

మొదట బహుమానం పట్టుకున్నాడు. నీళ్లు తాగుతోంది కాబట్టి కొళాయికి తాళం వేయించాడు. మర్నాడు బడి పిల్లలంతా దాహంతో నాలుకలు బయటపెట్టారు. చౌడి వెళ్లి వేపచెట్టు నీడలో నిలబడింది.

"నీడ కూడా బహుమానమే" అన్నాడు చిదానందం.

వేపకొమ్మలు నరికించారు. మర్నాడు చౌడి ఎండలో నిలబడింది. ఎండ బహుమానమా కాదా అని ఆయన తన పుస్తకమంతా తిరగేశాడు. ఎక్కడా లేదు. కాబట్టి లోపం తరువాతలో లేదు, ముందులో ఉందని తేల్చాడు.

ముందు అంటే బస్సు.

డ్రైవరు ఖాజా బస్సును బడి ముందే ఆపి దిగొచ్చాడు. "సార్, ఏందిది? ఊళ్లో హారన్ కొట్టగూడదంట?"

"బాలిక అభ్యసన ప్రయోజనాల దృష్ట్యా."

"హారన్ కొట్టకుంటే బర్రెలు జరగవు సార్."

"బర్రెలకు అవగాహన కల్పించండి."

ఖాజా బర్రెల మొహాలు చూశాడు, సమన్వయకర్త మొహం చూశాడు, బస్సెక్కాడు. మర్నాటి నుంచి కండక్టరు బస్సు ముందు నడుస్తూ, రెండు చేతులూ జోడించి బర్రెలను పక్కకు జరగమని వేడుకుంటూ వచ్చేవాడు. హారన్ వినపడక ఊళ్లో సగంమందికి బస్సు తప్పిపోయేది. ఆసుపత్రికి పోవలసినవాళ్లు సాయంత్రం బస్సుకు పోయి, డాక్టరు లేడని తిరిగొచ్చేవాళ్లు.

బస్సు మూగగా వచ్చి మూగగా పోయింది. చౌడి లేచిపోయింది. అప్పుడు వినపడింది పుంజు.

---

"పొద్దెక్కినాక గూడా కూసే పుంజు ఈ ఊర్లో ఇదొక్కటే సామీ" అంది గంగులవ్వ గర్వంగా. "దానికి గొంతు అట్లాంటిది."

"దానిని నియంత్రించవలెను అవ్వా."

"నేనేం జేతు? అది సూర్యుణ్ణి చూసి కూస్తాది. నువ్వు పెద్ద ఆఫీసరువు గదా, సూర్యునికే జెప్పరాదా?"

సూర్యుడు జిల్లా పరిధిలో లేడు. కాబట్టి పుంజు మీద గంప బోర్లించి, గంప మీద దుప్పటి కప్పారు. లోకం చీకటైందనుకుని పుంజు నోరు మూసుకుంది. చౌడి లేచిపోయింది.

పుంజు కూడా నోరు మూశాక మిగిలింది మగ్గం చప్పుడు. అది చిదానందానికి ఇన్నాళ్లూ వినపడలేదు. ఆగని చప్పుడు ఎవరికీ వినపడదు. వినపడగానే ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఇంత ఉద్దీపనలో ఏ బాలికైనా ఎట్లా కూర్చోగలదు!"

మర్నాడు దండోరా వేశారు. దండోరా చప్పుడు చేయకూడదు గనక, దండోరా వేసేవాడు డప్పు మెడలో వేసుకుని ఇంటింటికీ పోయి చెవిలో చెప్పాడు. పదిన్నర నుంచి పన్నెండు దాకా ఊళ్లో ఏ మగ్గమూ ఆడరాదు. చంటిపిల్లల తల్లులు ఆ వేళకు పక్క ఊళ్లో చుట్టాల ఇళ్లకు పోవలెను. కుక్కలను ట్రాక్టరులో ఎక్కించి పొలిమేర దాటించవలెను. ఈ నిశ్శబ్దం సక్రమంగా జరుగుతున్నదీ లేనిదీ చూడడానికి బడి నుంచి ఒకరిని నియమించడమైనది.

ఆ ఒకరు వనజాక్షి టీచరు. ఏ అరగంట కోసం ఆమె కాగితం రాసిందో, ఆ అరగంటలోనే మెడలో నిశ్శబ్దము అని రాసిన పలక వేలాడేసుకుని, పెదవుల మీద వేలు పెట్టుకుని వీధులు తిరగమన్నారు.

తిరిగింది. మగ్గం గుంటల్లో కాళ్లు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని జనం కూర్చున్నారు. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడటానికి వీల్లేదు కాబట్టి కళ్లతోనే తిట్టారు. వనజాక్షి ఆ తిట్లన్నీ స్పష్టంగా విన్నది. రామక్క ఇంటి ముందుకొచ్చేసరికి రామక్క గొంతు తగ్గించి, పళ్లు బిగించి అంది.

"ఏం టీచరమ్మా, నా బిడ్డకు నాలుగక్షరాలు నేర్పమంటే ఊరి నోట్లో దుమ్ము గొడతాండారే! వీధిలోకి పోతే, నీ కూతురు మహారాణి అయిపోయిందిలే అంటాండారు. ఉగాది దాకా యాల, ఇప్పుడే మాన్పించేదా?"

"ఉగాది దాకా అన్నావు కదక్కా. నీ మాట మీద ఉన్నాను నేను."

రామక్క, పోగును అటూ ఇటూ నడిపే నాడెను ఊరికే చేతిలో తిప్పుతూ కూర్చుంది.

బడి వెనకకు వచ్చేసరికి మోడైపోయిన వేపచెట్టు కింద చౌడి ఎండలో నిలబడి ఉంది.

వనజాక్షి మెడలో పలక తీసి పక్కన పెట్టింది. "చౌడీ, ఎందుకమ్మా లేచొచ్చేస్తావు?"

చౌడి ఆమెను వింతగా చూసింది. ఇంతమంది ఇన్నాళ్లుగా తన చుట్టూ తిరుగుతున్నారు గానీ ఆ ప్రశ్న తననెవరూ అడగలేదు.

"నా వంతొస్తాది టీచర్."

"వస్తే?"

"నేను చదివితే అందరికీ వినపడతాది గదా."

---

వనజాక్షి పరుగున పోయి చిదానందానికి చెప్పింది. "సార్, బస్సూ కాదు, కోడీ కాదు. పిల్ల వంతు వస్తోంది. అదే ముందు."

ఆయన సానుభూతితో విన్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"మేడం, ఉద్దీపన అనగా ఇంద్రియములకు గోచరించవలెను. వంతు కనిపించదు. వినిపించదు. వాసన రాదు. లేని వస్తువును నేను ఏ విధంగా తొలగించగలను?"

"వంతులే మానేస్తే?"

హెడ్మాస్టరు ఓబులపతి ఈ మాటకు కుర్చీలోంచి లేచాడు. "వంతులు మానేస్తే మరి చదువెట్లా వస్తుందమ్మా? ఏదో బస్సు ఆపామంటే ఆపాము, కుక్కల్ని తోలామంటే తోలాము. చదువు జోలికి రావద్దు."

చిదానందం అప్పటికే గాలి పీలుస్తున్నాడు. వాసన అనే మాట తన నోట్లోంచే వచ్చింది, అది ఆయనకు కొత్త దారి చూపించింది. పదకొండింటికి వంటమ్మ సాంబారుకు తాలింపు పెడుతుంది. ఆవాలు చిటపటమంటాయి, కరివేపాకు గుబాళిస్తుంది. ఒకే గరిటెలో శబ్దమూ వాసనా రెండూ ఉన్నాయి.

మర్నాటి నుంచి బళ్లో తాలింపు లేని సాంబారు. పిల్లలు దాన్ని తినే తీరు చూసి చిదానందం, పిల్లల నడతలో ప్రశాంతత పెరిగింది అని రాసుకున్నాడు.

చౌడి లేచిపోతూనే ఉంది.

ఆ వారంలోనే ముసలి నేతగాడొకాయన చనిపోయాడు. పదిన్నర దాటాక పోయాడు. కొడుకులు కంటతడితో చిదానందం దగ్గరికి వచ్చి, ఏడ్వచ్చునా అని అడిగారు. ఆయన మనసున్నవాడే. తాను కూడా కళ్లు తుడుచుకుని చెప్పాడు.

"తప్పక ఏడవండి. పన్నెండు దాటాక."

ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని శవం చుట్టూ కూర్చున్నారు. పన్నెండు కొట్టగానే ఊరంతా ఒక్కసారి ఘొల్లుమంది. అది ఆ ముసలాయన ఒక్కడి కోసమే కాదని వనజాక్షికి అనిపించింది.

---

నూలుకొట్టాలను ఉద్దీపన రహిత గ్రామంగా ప్రకటించడానికి జిల్లా అధికారి గారు స్వయంగా వచ్చారు. బస్సు వచ్చినట్టే ఆయన కారు కూడా కండక్టరు నమస్కారాల వెనక మెల్లగా వచ్చింది. కారు తలుపు వేస్తే చప్పుడవుతుందని తెరిచే ఉంచారు. పూలదండ చుట్టిన కాగితం గరగరమంటుందని గుడ్డలో చుట్టి తెచ్చారు. పిల్లలు స్వాగతగీతం పాడారు. పెదవులు కదిపారు, చేతులు ఊపారు, చరణాల మధ్య ఊపిరి కూడా తీసుకున్నారు. గొంతు మాత్రం తేలేదు. అధికారి గారు చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టారు.

ఆయన గుసగుసగా ఉపన్యసించారు. "ఈ నిశ్శబ్దం ఒక నిశ్శబ్దం మాత్రమే కాదు. ఒక బాలిక కోసం ఒక ఊరు చేసిన త్యాగం. దీనిని జిల్లా అంతటా విస్తరింపజేయు ఉద్దేశం ప్రభుత్వమునకు కలదు."

మగ్గాలు ఆపి వచ్చిన నేతగాళ్లు కిటికీల బయట నిలబడి విన్నారు. విస్తరింపజేయడం అనే మాట వినగానే, పాపం పక్క ఊళ్లు, అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చదువు వంతులు మొదలయ్యాయి. కిటికీ దగ్గర పిల్లవాడు చదివాడు. ఆ నిశ్శబ్దంలో వాడు మింగిన ఉమ్మి కూడా అందరికీ వినపడింది. వంతు బెంచీ దాటింది, ఇంకో బెంచీ దాటింది. వనజాక్షి చౌడినే చూస్తూ ఉంది. ఇంతమంది చెవులు ఆ పిల్ల వైపు తిరిగి ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

వంతు వచ్చింది. చౌడి లేచింది. అధికారి గారికి చేతులు జోడించి నమస్కారం పెట్టింది. తర్వాత మర్యాదగా నడుచుకుంటూ బయటికి పోయింది. ఆమె కాలి పట్టీల చప్పుడు గుమ్మం దాటి, వరండా దాటి, వేపచెట్టు దాకా వినపడింది.

"పట్టీలేమో?" అన్నాడు హెడ్మాస్టరు చిదానందం చెవిలో, ఆశగా.

చిదానందం చెమట తుడుచుకున్నాడు. బల్ల మీద మూడు గళ్లు చూశాడు. ముందు అన్న గడి ఖాళీ. బస్సు కొట్టివేత, పుంజు కొట్టివేత, మగ్గం, తాలింపు, కుక్కలు, ఏడుపు అన్నీ కొట్టివేత. ఆ ఖాళీ గడిని చూస్తూ చూస్తూ ఉన్నవాడు ఉన్నట్టుండి సుద్దముక్క తీసుకుని దానిలో రాశాడు. నిశ్శబ్దము.

"సర్! బాలికను కదిలించునది ఈ నిశ్శబ్దమే! పుట్టినది మొదలు మగ్గం చప్పుడులో పెరిగినది. ఆమె ఉద్దీపనల వల్ల బాధపడుట లేదు. ఉద్దీపనల కరువుతో బాధపడుచున్నది!"

అధికారి గారు లేచి ఆయనను కౌగిలించుకున్నారు. ఒక పథకం తప్పని తేలితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. దాన్ని తలకిందులు చేస్తే మాత్రం అది రెండో దశ అవుతుంది.

"తక్షణమే గ్రామంలో సమస్త శబ్దములను పునరుద్ధరించవలెను!" అన్నారు, అన్ని వారాలుగా ఆ ఊళ్లో ఎవరూ ఎత్తనంత గొంతెత్తి.

ఊరు రెండోసారి చెప్పించుకోలేదు.

ఖాజా బస్సెక్కి హారన్ మీద మోచెయ్యి పెట్టి కూర్చున్నాడు. ఇన్నాళ్లు మింగినదంతా కక్కాడు. గంగులవ్వ గంప ఎత్తేసరికి పుంజు, బాకీ పడిన కూతలన్నీ కలిపి కూసింది. మగ్గాలు దడదడమన్నాయి. జాతరల్లో ఉరుములనే డోళ్లు వాయించే ఉరుములవాళ్లు వాటిని మెడలో వేసుకుని బడి గోడ కిందే నిలబడ్డారు. వంటమ్మ పెద్ద బాణలి పెట్టి ఆవాలు గుప్పిళ్లతో వేసింది. పొలిమేర నుంచి తిరిగొచ్చిన కుక్కలు తమను తోలిన ట్రాక్టరుకు అడ్డం పడి మొరిగాయి. చనిపోయిన ముసలాయన భార్య మళ్లీ ఏడ్చింది. పన్నెండు కాకముందే ఏడవడానికి ఆమెకు ఇప్పటికి వీలైంది.

బడిలో ఎవరు ఏం చదువుతున్నారో ఎవరికీ వినపడలేదు. హెడ్మాస్టరు "తర్వాతి వంతు" అని అరిచాడు. ఆయన నోరు తెరుచుకోవడం కనపడింది, అంతే. ముగ్గురు పిల్లలు ఒకేసారి లేచి మూడు పేజీలు చదివారు. వంతు చిక్కుపడిపోయింది.

నిశ్శబ్దం లేకపోవడంతో దాన్ని చూసే పని కూడా లేకపోయింది. వనజాక్షి బయటికి పోయి చౌడిని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చింది. మూలన కూర్చోబెట్టి, పోగుల అట్టలు ముందు పరిచింది. చౌడి చుట్టూ చూసింది. ఎవరి చెవులూ తన మీద లేవు. చాలామంది చెవులు మూసుకుని ఉన్నారు.

ఆమె వేలు మొదటి అట్ట మీద కదిలింది. పెదవులు కదిలాయి. వేలు ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్లీ కదిలింది. తప్పు చదివింది, దిద్దుకుంది, ఇంకోలా చదివింది. వినాలంటే వనజాక్షి తన చెవిని ఆమె నోటికి ఆనించాల్సి వచ్చింది.

అధికారి గారు కిటికీలోంచి చూశారు. పిల్ల కూర్చుని ఉంది, పెదవులు కదులుతున్నాయి. చిదానందం భుజం తట్టి కారెక్కారు. ఆ మధ్యాహ్నం అతిథుల భోజనంలో గంగులవ్వ పుంజు కూడా చేరింది. ఊరి శబ్ద పునరుద్ధరణకు అది చేసిన చివరి సేవ.

---

రెండో దశ జిల్లా అంతటా అమలైంది. ప్రతి బడి ముందూ పదకొండింటికి డప్పులు. బస్సు పోని పల్లెలకు హారన్ ఒక్కటే పంపారు. అంతవరకూ బుద్ధిగా కూర్చున్న పిల్లలు చెవులు మూసుకుని పొలాల్లోకి పరుగెత్తసాగారు. వాళ్ల కోసం చిదానందం ఊరూరా మూడు గళ్లు గీస్తూ తిరిగాడు.

నూలుకొట్టాలలో మాత్రం రోజూ ఆ దడదడల మధ్య వనజాక్షికి అరగంట దొరికింది. ఎవరూ ఇవ్వలేదు. ఎవరికీ కనిపించలేదు కాబట్టి ఎవరూ తీసుకోలేదు. అట్టలు అయిపోయాయి, అట్టల మీది మాటలు పుస్తకంలోకి వచ్చాయి. చౌడి నెమ్మదిగానే చదివేది. గుంటమగ్గం మీద చీర ఒక్కో పోగే పెరిగినట్టు.

ఉగాది ముందు అమావాస్య వచ్చింది.

మగ్గాలు ఆగాయి. జిల్లా ఉత్తర్వు చూపించి నేయమంటే నేతగాళ్లు నవ్వి తలుపులు వేసుకున్నారు. ఉరుములవాళ్లు జాతరకు పోయారు. బస్సు టైరు ఊడి మధ్యదారిలో ఆగింది. పుంజు సంగతి తెలిసిందే. ఈ అమావాస్య కట్టడి ఏమిటో చూసి రాసుకుపోదామని చిదానందం ఆ రోజు పనిగట్టుకుని వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

మగ్గం లేని రోజు గనక రామక్క కూడా వచ్చింది. గుమ్మంలో నిలబడి, "పొద్దుపోతే ఉగాది టీచరమ్మా. తీసకపోను వచ్చినా" అంది.

"వంతులు అయ్యేదాకా ఉండక్కా."

బడి నిశ్శబ్దంగా ఉంది. పాత నిశ్శబ్దమే. వంతు కిటికీ దగ్గర మొదలైంది. ఒక బెంచీ దాటింది. ఇంకో బెంచీ దాటింది. చౌడి వేళ్లు పుస్తకం అంచును నలుపుతున్నాయి. రామక్క కొంగు బిగించుకుంది.

"చౌడేశ్వరి!" అన్నాడు హెడ్మాస్టరు.

చౌడి లేచింది. గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో తల్లి. అందరూ పట్టీల చప్పుడు కోసం చూశారు. పట్టీలు మోగాయి. గుమ్మం దాకా పోలేదు. పుస్తకం పట్టుకుని ఆమె నేరుగా వనజాక్షి టీచరు దగ్గరికి వచ్చింది. రోజూ లాగే ఆమె చెవికి నోరు ఆనించి, పేజీ మీద వేలు పెట్టి, చదవడం మొదలుపెట్టింది.

ఒక వాక్యం చదివింది. రెండో వాక్యంలో ఆగింది. వేలు వెనక్కి తెచ్చుకుని మళ్లీ చదివింది. చాలాసేపు పట్టింది. తరగతి కదలకుండా కూర్చుంది.

"నాకు వినపడలేదు!" అన్నాడు హెడ్మాస్టరు.

"నాకు వినపడింది సార్" అంది వనజాక్షి.

చౌడి గుమ్మం దాకా పోయింది. తల్లిని వంగమంది. అదే పేజీ మళ్లీ మొదటి నుంచి ఆమె చెవిలో చదివింది. సరిగా చదివిందో లేదో రామక్కకు తెలియదు. కానీ ఆ వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి పోయి తెగిన చోట మళ్లీ ముడేసుకుందో ఆమె చూస్తూనే ఉంది.

"కండెలకు మా ఆడబిడ్డ కూతుర్ని పిలుచుకుంటాలే" అంది రామక్క, ఎవరితోనూ కాకుండా. వీధిలోకి పోతూ, పిల్ల ఊపిరి తడి అంటిన చెవిని కొంగుతో తుడుచుకోలేదు.

వెనక బెంచీలో చిదానందం ఇదంతా చూశాడు. నిశ్శబ్దం ఉంది, అయినా పిల్ల లేచిపోలేదు. శబ్దం లేదు, అయినా పిల్ల చదివింది. ఆయన మొదటి దశా తప్పే, రెండో దశా తప్పే. అయినా కంగారు పడలేదు. మెల్లగా పుస్తకం తీసి మూడు గళ్లు గీశాడు. నడత, చదివినది. తరువాత, తల్లి సంతోషించినది. ముందు అన్న గడి దగ్గర కాసేపు కలం ఆపి, కిటికీలోంచి ఆగిపోయిన మగ్గాల వైపు చూశాడు. ఆయన మొహం మళ్లీ వెలిగింది.

ముందు, అమావాస్య అని రాశాడు.

విద్యార్థుల ప్రయోజనార్థం నెలకు ఒకటిగా ఉన్న అమావాస్యలను వారానికి ఒకటిగా పెంచవలసిందని ఆయన పంపిన ప్రతిపాదన ప్రస్తుతం పైవాళ్ల పరిశీలనలో ఉంది. సూత్రప్రాయంగా ఎవరికీ అభ్యంతరం లేదట. పౌర్ణమి విభాగం నుంచి సమ్మతి రావలసి ఉంది.